ఉద్దానంలో నేను కొట్టిచ్చిన బొండం

తుపాను వెళ్లిన మర్నాడు పొద్దున్న ఆరింటికి ఉద్దానం చేరాం. ఒక లారీ, పదకొండు మంది, రెండు రంపం మిషన్లు, నాలుగు గొడ్డళ్లు, తాళ్లు. నేను మిలటరీలో వంటవాణ్ణి, ఐదో తరగతితో చదువు ఆగింది. మాది సాలూరు. భాష తెలుసని నన్నూ ఎక్కించారు.

ఫొటోలు తీసుకోడానికి జనం వచ్చే ఊళ్లవి. ఒక పక్క సముద్రం, ఒక పక్క జీడితోటలు, మధ్యలో కొబ్బరి. ఆ రోజు చెట్లన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకున్నాయి. అక్కడ ఇంటింటా కిడ్నీలు పోతాయని విన్నాను. ఫొటోల్లో అది కనపడదు.

ఆర్డరు ఒకటే. పన్నెండింటికల్లా గెస్ట్‌హౌస్ రోడ్డు తెరవాలి. ఎవరో పెద్దమనిషి తుపాను చూడ్డానికి వస్తున్నాడు.

పదింటికి మా డ్రైవరు, అరసవల్లివాడు, నవ్వాడు. “ఒరే వంటోడా, కింద ఇన్ని బొండాలు దొర్లుతన్నాయి. కత్తట్టుకుని ఏటి సూస్తన్నావు? కొట్టు.”

కొట్టి అందరికీ ఇచ్చాను. ఎదురింటి అరుగు మీద ఒకాయన మా వైపే చూస్తున్నాడు. కాళ్లు వాచి ఉన్నాయి. ఆయనకీ ఒకటి ఇచ్చాను. అటూ ఇటూ చూసి, ఎత్తిన బొండం దించకుండా తాగాడు.

“నాలుగేళ్లయినాది బాబూ దీని రుచి సూసి. నాను నాటిన సెట్లే.”

లోపల్నించి ఆయన భార్య వచ్చింది. ఖాళీ బొండం చూసి అరుగు మీద కూలబడింది.

“ఎంత పని సేసినావు బాబూ. నిన్న డయాలసిస్సుకెళ్లాల. తోవ లేక ఎళ్లనేదు. కిడ్నీలు పోయిన ఈయనకి ఈ నీళ్లు ఇసం.”

నాకెవరూ చెప్పలేదు. కాళ్లు చూసి కూడా నేను అడగలేదు.

ఆస్పత్రి దారికి తొమ్మిది చెట్లు అడ్డం. వైర్‌లెస్‌లో మా ఆఫీసర్ని పిలిచాను. “సాబ్, పేషెంటు ప్రాణం మీదుంది. ఒక్క మిషన్ ఇవ్వండి.”

“గెస్ట్‌హౌస్ రోడ్డు ముందు. ఓవర్.”

మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే మాట.

గొడ్డలి తీసుకుని వెళ్లాను. డ్రైవరూ వెనకే వచ్చాడు. “కొట్టమన్నది నానే గదరా,” అన్నాడు. రెండు చెట్లకే గంట పట్టింది. పన్నెండున్నరకి పెద్దమనిషి కార్లు వెళ్లాయి. అద్దాలు దించలేదు. మిషన్ ఒంటిగంటకి ఇచ్చారు. మూడుంపావుకి ఆయన్ని మంచంతో సహా లారీ ఎక్కించాం. ఆస్పత్రి ఇంకా రాకముందే నా చేతిలో ఆయన చెయ్యి చల్లబడింది.

ఆరు రోజులకి తిరిగి యూనిట్‌కి వెళ్లాం. రోడ్డు టైముకి తెరిచామని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఏ రోడ్డు అని ఒక్కడూ అడగలేదు.

ఇప్పుడు సాలూరులో ఉంటున్నాను. బొండాల బండి దగ్గర లారీవాళ్లు తాగుతుంటే అటు చూడను. చూస్తే ఆయనే కనపడతాడు. కళ్లు మూసుకుని, గొంతు కదులుతూ, హాయిగా తాగుతుంటాడు.