గవర్నరు గారు వస్తానన్న ఊరు

మొన్న శ్రీరామనవమి మర్నాడు భద్రాచలం పట్టాభిషేకాన్ని టీవీలో చూస్తూ కూర్చున్నాం. మేము ఆదివారం చర్చికి వెళ్లే కుటుంబమే అయినా, ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ రెండు రోజులూ టీవీ కట్టెయ్యాలంటే మనసొప్పదు. కల్యాణానికి ముఖ్యమంత్రి, పట్టాభిషేకానికి గవర్నరు రావడం ఆనవాయితీ కదా, ఈసారీ గవర్నరు హెలికాప్టరు దిగి, కారెక్కి, గుడిలో కాసేపు కూర్చుని, మళ్లీ హెలికాప్టరెక్కి వెళ్లిపోయారు. మా పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు గారు, రోజూ మా వారితో పేపరు పంచుకుని చదివే మనిషి, ఈ గవర్నర్ల వల్ల ఎవరికి ఏం ఒరిగిందమ్మా, సంతకాలు పెట్టడం, దండలు వేయించుకోవడం తప్ప అని నవ్వారు. మా వారికి చెవులు సరిగా వినపడవు కనుక మర్యాదకు తలూపారు. నాకు మాత్రం చర్రున కోపం వచ్చింది. ఖమ్మంలో ఇల్లు కట్టుకుని మనవరాళ్లను ఎత్తుకున్నాక నా కోపాలు తగ్గాయనుకున్నాను గానీ, కొన్ని లోపలే బూడిద కింద నిప్పులా పడి ఉంటాయి కాబోలు. హెడ్మాస్టరు గారికి ఆ పూట కాఫీ ఇవ్వలేదు.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో మణుగూరు దాటి అడవిలోకి వెళ్తే రోడ్డు అనే మాట ఎండాకాలానికి మాత్రమే చెల్లేది. నాది జూలూరుపాడు. ఏఎన్ఎం ఉద్యోగం వచ్చిన కొత్తలో నన్ను ఆ అడవి ఊళ్లకు వేశారు. మా వారు రోడ్ల శాఖలో చిన్న ఇంజనీరు. మణుగూరులో బొగ్గు గనుల కాలనీ పక్కన కిరాయి ఇంట్లో కాపురం, అక్కడ ఏ గిన్నె తోమినా నల్లని నీళ్లే. నేను పొద్దున్నే బస్సెక్కి, దిగి, నడిచి, వాగు దాటితే గానీ నా ఆఖరి ఊరు వచ్చేది కాదు. ఆ ఊరివాళ్లంతా కోయవాళ్లు. తమలో తాము వాళ్ల భాష, నాతో తెలుగు. ఎండాకాలంలో ఆ వాగు చీలమండలు తడిపే నీళ్లతో, పిల్లలు ఆడుకునే ఇసకతో ఎంతో మంచిగా కనిపించేది. వానలు పడ్డాయంటే మాత్రం ఊరు ఊరంతా అవతలే.

చేరిన మొదటి వానాకాలంలోనే అక్కడొక తల్లిని పోగొట్టుకున్నాను. పురిటి నొప్పులతో ఉన్న మనిషిని మంచానికి తాళ్లు కట్టి మోసుకొచ్చారు, నేను ఇవతలి గట్టు మీద, ఆమె అవతలి గట్టు మీద, మధ్యలో ఎర్రని నీళ్లు. అరిచి చెప్తే వినపడేటంత దూరమే. వాగు తగ్గేసరికి ఇక తొందరపడాల్సిన పని లేకపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి నేను కనపడిన ప్రతి ఆఫీసర్నీ అక్కడొక చప్టా వేయించండని బతిమాలాను, అంటే నీళ్లు కింద తూముల్లోంచి పోతుంటే పైనుంచి బండ్లు పోయే చిన్న కట్ట. అందరూ మంచివాళ్లే, అందరూ చూద్దామమ్మా అన్నవాళ్లే. మా వారిని ఇంట్లో సతాయించడం దీనికి అదనం. పాపం ఆయన చేతుల్లో ఏముంది, పైనుంచి మంజూరు కావాలి కదా అనేవారు.

ఆ రోజుల్లోనే మన రాష్ట్రానికి కొత్త గవర్నరు వచ్చారు. ఎక్కడో ఉత్తరాదిన వకీలుగా మొదలై, ఎమ్మెల్యే అయి, మంత్రి కూడా అయి, ఆ తర్వాత చిత్తుగా ఓడిపోయి, ఇంటికే పరిమితమవుతారనుకున్న వయసులో ఇక్కడికి వచ్చిన మనిషి. విశ్రాంతికి వచ్చిన పెద్దమనిషి అని పేపర్లవాళ్లు రాశారు. ఆయన పట్టాభిషేకానికి వస్తూ, ఏజెన్సీ ప్రాంతాల బాగోగులు చూడాల్సిన ప్రత్యేక బాధ్యత రాజ్యాంగం గవర్నరు మీద పెట్టింది కనుక, గుడి అయ్యాక ఒక గిరిజన గ్రామం చూస్తానని కబురు పెట్టారు. అది కూడా తారురోడ్డు పక్కన సున్నం వేసి పెట్టిన ఊరు వద్దన్నారట. ఆఫీసర్లు ఊళ్లన్నీ తిరిగి, ఎర్రమట్టి అలికిన గోడలతో, ముగ్గులతో అద్దంలా ఉంటుందని నా వాగవతలి ఊరిని ఎంచారు. వాళ్లు వచ్చి చూసింది ఎండల్లో కనుక వాగు సంగతి ఎవరికీ తట్టలేదు. తీరా చూస్తే ఆ ఇసకలో గవర్నరు గారి కార్లు దిగబడతాయని తేలింది.

ఇంకేముంది, ఆగమేఘాల మీద పని మొదలైంది. ఇంకో చోట పని కోసం తెచ్చి పెట్టిన పెద్ద పెద్ద సిమెంటు తూములను లారీల్లో తెచ్చి వాగులో పరిచి, మీద ఎర్రమట్టి మొరం పోసి, రోడ్డు రోలరు తిప్పారు. ఆ పని మీదున్నది ఎవరనుకున్నారు, మా వారే. వారం తిరిగేసరికి వాగు మీద జీపు పోయింది. మొదటిసారి దాని మీద నడిచి అవతలికి వెళ్లినప్పుడు నేను సంతోషించాలి గదా, గట్టు మీద కూర్చుని ఏడ్చాను. కార్ల కోసం వారంలో అయిన పని ఆ తల్లి కోసం ఎన్నేళ్లకూ కాలేదు. ఆ రాత్రి మా వారితో మాట్లాడలేదు. ఆయన అన్నం ముందు కూర్చుని, ఇంకా వినవలసింది ఉంది, విజిట్ అయిపోగానే ఆ తూములు పీకి మళ్లీ ఎక్కడివి అక్కడ పెట్టమన్నారు అని మెల్లగా చెప్పారు. అప్పటికి ఆ ఊరి పటేలు కోడలికి ఐదో నెల. నొప్పులు వచ్చేది నడి వానల్లో.

మర్నాడు నేను తిన్నగా పటేలు తల్లి దగ్గరకు వెళ్లాను. ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ముసలావిడ, మనిషి వంగిపోయింది గానీ మాట వంగలేదు. తూములు తీసేస్తారని చెప్పాను. ఈ మాట నా నోటి నుంచి వచ్చిందని తెలిస్తే మా వారి ఉద్యోగానికి ముప్పని కూడా చెప్పాను. ఆవిడ చుట్ట ఆర్పి, అవ్, గట్లనా, అని ఊరుకుంది.

పట్టాభిషేకం నాటి మధ్యాహ్నం గవర్నరు గారు వచ్చారు. బక్కపలచని మనిషి, మోకాళ్ల నొప్పులతో కొంచెం ఒరిగి నడిచేవారు. డోళ్లు, కొమ్ముల కిరీటాలు, ఆట అన్నీ అయ్యాయి. నేను తెల్లచీర కట్టుకుని, మందుల బల్ల వెనక నిలబడి చూస్తున్నాను. ఆయన వెళ్లబోతుంటే పెద్దమ్మ అడ్డం వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. పోలీసులు ముందుకు వస్తే ఆయనే ఆగమని చెయ్యెత్తారు. తర్జుమా చేసే ఉద్యోగి పక్కనే ఉన్నాడు.

"మా ఇంటికొచ్చినవ్, మంచిగుంది. వానల్ల కొత్తల పండుగ జేస్తం, దానికి రావాలె. నువ్వొచ్చేదాంక మేం కొత్త తినం."

అంటే ఏమిటో అక్కడి ఆఫీసర్లకే సరిగా తెలియదు. ఆ ఊళ్లలో కొత్త పంట చేతికి వచ్చినా, పండుగ చేసి దేవతకు పెట్టేదాకా ఒక్క గింజ కూడా ఎవరూ నోట పెట్టరు. ఎవరినైనా పండుగకు పిలిచి, నువ్వొచ్చేదాకా మేం తినం అన్నారంటే అది వట్టి మర్యాద మాట కాదు, ఆ మనిషి వచ్చేదాకా నిజంగానే తినరు. ఆ సంగతి నాకు తెలుసు. తర్జుమా విని గవర్నరు గారు నవ్వి, వానల్లో వాగు నిండుతుంది కదా, ఎట్లా రాను అని అడిగారు. ముసలావిడ ఆయన్ను వదలకుండానే, గడ్డంతో వాగు వైపు చూపించింది.

"గిప్పుడెట్లొచ్చినవో గట్లనే రా."

ఆయన వాగు వైపు చూశారు. కొత్త మొరం ఇంకా ఎర్రగా మెరుస్తోంది. పక్కనున్న ఆఫీసర్ల ముఖాలు ఒక్కొక్కటే చూశారు. జీవితమంతా కోర్టుల్లో, ఎన్నికల్లో గడిపిన మనిషికి అంతకన్నా చెప్పాలా, అంతా అర్థమైపోయింది. వచ్చీరాని తెలుగులో వస్తాను అన్నారు, అంతే, ఇంకో మాట లేదు, హామీ లేదు, ఉపన్యాసం లేదు. మా వారు ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నిలబడే, ఇక తూములు పీకేవాడెవడే అని పగలబడి నవ్వారు.

పీకడం కాదు, గవర్నరు వచ్చేది నిండు వానల్లో కనుక వట్టి తూములు, మొరం ఆగవని, రాళ్లతో కాంక్రీటుతో గట్టి చప్టా కట్టాలని పైనుంచే తాకీదు వచ్చింది. అన్నేళ్లుగా దొరకని మంజూరు ఎక్కడ దాక్కుందో అప్పుడు బయటికి వచ్చింది. మే నెల ఎండల్లో మా వారు నెత్తికి తడి తువ్వాలు చుట్టుకుని అక్కడే పడి ఉన్నారు. నేను మజ్జిగ పట్టుకెళ్లేదాన్ని. ఊరివాళ్లు కూలికి వచ్చి, పని అయ్యాక కూడా పోకుండా సిమెంటుకు నీళ్లు పెట్టేవారు. మా పెళ్లయ్యాక ఆయన అంత నల్లబడిందీ, అంత సంతోషంగా ఉన్నదీ అప్పుడే.

వానలు వచ్చాయి, వాగు ఎర్రగా పొంగింది, చప్టా నిలిచింది. పటేలు కోడలికి నొప్పులు మొదలైన పొద్దున, కబురందగానే నేను దవాఖానా జీపు తీసుకుని ఊళ్లోకే వెళ్లాను. ఆమెను ఎక్కించుకుని వాగు మీదుగా వస్తుంటే చక్రాల కింద నీళ్లు అటూ ఇటూ చిమ్ముతున్నాయి. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తున్నాను, పక్కన పెద్దమ్మ తన దేవతను పిలుస్తోంది, డ్రైవరేమో తన దర్గాను. ముగ్గురి మొక్కులూ చెల్లాయి. భద్రాచలం దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం.

ఇక మిగిలింది ఆయన రావడం. పండుగ దగ్గరపడింది. ముసురు పట్టి గవర్నరు గారి ప్రయాణం ఒకసారి రద్దయింది, మళ్లీ ఎప్పుడో తెలియదన్నారు. పెరళ్లలో మొక్కజొన్న కంకులు పాలుపోసుకుని, గింజ గట్టిపడుతోంది. పిల్లలు వాటి వంక చూస్తూ తిరుగుతున్నారు గానీ ఒక్కరు ఒక్క కంకి విరవలేదు. ఆకలి కడుపులతో ఎన్నాళ్లుంటారని నాకు దిగులు పట్టుకుంది. ఇదంతా నా మూలంగానే వచ్చింది కదా అనిపించి, చప్టా పడింది కదా పెద్దమ్మా, ఇక తినండి అని బతిమాలాను. ఆవిడకు నా మీద కోపమొచ్చింది.

"చప్టా కోసమా బిడ్డా నేను పిలిచింది? ఇంటికొచ్చినోడు గన్క పిలిచిన. వస్తనన్నడు, వస్తడు."

నేను ఉపాయమనుకున్నది ఆవిడకు పిలుపు. ఉపాయం ఉందిలెండి, లేకపోలేదు, ఆ గడ్డం అటు తిప్పిన తీరు నేను చూశాను కదా. కానీ పిలుపు మాత్రం నిజం.

వచ్చారు. సన్నని తుంపరలో కార్లు ఇవతలే ఆపించి, గొడుగు పట్టబోయిన మనిషిని వద్దని, ఆ మోకాళ్లతోనే చప్టా మీద నడుచుకుంటూ వచ్చారు. సగం దూరంలో ఆగి, తూముల్లోంచి నీళ్లు దూకుతున్న చోట వంగి చూశారు. దీన్ని కట్టిందెవరని అడిగితే వెనక నక్కి ఉన్న మా వారిని ముందుకు తోశారు. గవర్నరు గారు ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు. ఊళ్లో పూజ అయ్యాక ఆయన ముందు విస్తరాకు వేసి, మొదటి కంకి ఆయనకే కాల్చి పెట్టారు. ఆయన ఒక గింజ నోట్లో వేసుకోగానే పిల్లలంతా పెరళ్లలోకి పరుగు. పటేలు కోడలు చంటిదాన్ని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. వాగు మీద పుట్టినంత పని చేసిన పిల్ల అని నేను చెప్తే, తర్జుమా విని ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నా ఉద్యోగం మొత్తంలో అంతటి పండుగ నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాత ఆ పెద్దమనిషి చేసిందంతా అదే, వెళ్లడం. ఏజెన్సీలో రోడ్డు లేని ఊరు ఎక్కడుందో కనుక్కుని, ప్రయాణం పెట్టించేవారు. డబ్బు మంజూరు చేసే అధికారం తనకు లేదని ఆయనకు తెలుసు, తాను వస్తానంటే మంజూరు చేసేవాళ్లు నిద్రపోరనీ తెలుసు. రోడ్డు గవర్నరు మళ్లీ బయల్దేరాడని మా వారి శాఖలో భయపడుతూనే మురిసిపోయేవారు. పదవి ముగిసి వెళ్లిన రోజున, చెప్పుకోదగ్గ సంఘటనలేవీ లేని పదవీకాలమని ఒక పేపరు రాసింది. చదివి మా వారు ఆ కాగితంలో ఎండుచేపలు చుట్టారు.

మొన్న టీవీ చూసిన మర్నాడు హెడ్మాస్టరు గారికి కాఫీ ఇచ్చి ఇదంతా చెప్పాను. ఇప్పుడు ఆ వాగు మీద పెద్ద వంతెనే పడింది, ఫోను చేస్తే అంబులెన్సు గుమ్మంలోకి వస్తుంది, అవన్నీ చూసి గర్వపడతాను. కానీ ఇంకా రోడ్డు లేని ఊళ్లు అడవిలో ఎక్కడో ఉండే ఉంటాయి, హెలికాప్టరుకు మాత్రం ఏ వాగూ అడ్డం రాదు. నువ్వొచ్చేదాకా మేం తినం అని పిలిచేవాళ్లు ఇప్పుడెవరున్నారో, ఆ పిలుపు విని నిలబడేవాళ్లెవరున్నారో నాకు తెలియదు.

పెద్దమ్మ పోయింది, ఆ గవర్నరు గారూ తన ఊళ్లోనే కన్నుమూశారని పేపర్లో చిన్నగా చూశాం. ఆనాటి చంటిది ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. వానాకాలం వచ్చి ఖమ్మం బస్టాండు దగ్గర బొగ్గుల మీద కంకులు కాలుస్తుంటే ఆ వాసనకు మా వారు ఆగిపోతారు, నేను చెయ్యి పట్టి లాక్కొస్తాను. ఏదో ఒక సాయంత్రం ఆ పిల్ల ఊరి నుంచి ఫోను చేస్తుంది. పండుగైపోయింది అమ్మా, ఇగ మీరు తినుండ్రి, అంటుంది. అప్పుడు వెళ్లి రెండు కంకులు కొనుక్కుంటాం.