చింతపండు నీళ్ళ పరీక్ష

ఆ వారమంతా బొబ్బిలిలో మా మావయ్య ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరిగాను. సెలవు మీద వచ్చినదాన్ని, హాయిగా పడుకోవచ్చు. కానీ పెరట్లోకి వెళ్ళడం, వీధిలోకి రావడం, ఫోన్ తీయడం, మెయిల్ చూడడం, మళ్ళీ పెట్టేయడం. "ఏటే అలగ తిరుగుతన్నావు? అన్నం కూడా నిలబడే తింటావేటి?" అని అత్త అడిగింది. పత్రికకి పంపిన పరిశోధన పేపరు గురించి బెంగ అన్నాను. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

నేనప్పుడు పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాను. అణు విద్యుత్ కేంద్రాల్లో ఇంధనాన్ని సన్నటి జిర్కోనియం గొట్టాల్లో పెడతారు. చల్లబరిచే నీళ్ళు ఆగిపోయి ఆ గొట్టాలు విపరీతంగా కాగితే ఆవిరి ఆ లోహాన్ని తినేసి హైడ్రోజన్ పుట్టిస్తుంది. జపాన్‌లో సునామీ తర్వాత పేలింది అదే. అందుకని గొట్టం మీద పల్చగా క్రోమియం పూత వేస్తే ఎలా ఉంటుందని చాలా దేశాల్లో పని మొదలైంది. పూత వేసిన గొట్టాన్ని సాగదీసి, ఎంతవరకు పగలకుండా ఆగుతుందో చెప్పడం నా పని. పూత పగిలితే ఆవిరికి దారి దొరికినట్టే. ఇక పూత ఉండీ లేనట్టే.

మా అమ్మ వైపు వాళ్ళకు పూత కొత్త విద్య కాదు. మావయ్య ఇత్తడి గిన్నెలకు కళాయి వేస్తాడు. ఉత్త ఇత్తడిలో పులుపు వండితే కిలుం దిగి కడుపు చెడగొడుతుంది కాబట్టి లోపల తగరం పూత పూస్తారు. స్టీలు గిన్నెలు వచ్చాక ఇళ్ళవాళ్ళు మానేశారు గానీ, పెళ్ళిళ్ళ వంటమేస్త్రులు ఇప్పటికీ పెద్ద గుండిగలు పట్టుకొస్తారు. నా చదువేమిటని ఎవరైనా అడిగితే మావయ్య, "మా మేనకోడలు అణుబాంబు గొట్టాలకి కళాయేస్తాది" అనేవాడు. బాంబులు కాదు మావా అంటే, "ఏదైతేనేటి, కళాయే కదేటి" అనేవాడు. మా వైపు తీరంలో కూడా అణు కేంద్రం పెడతారని అప్పట్లో మాట నడుస్తోంది. అందుకని విన్నవాళ్ళు నన్ను ఎగాదిగా చూసేవారు.

అసలు సంగతి ఇది. సాగదీసిన గొట్టాన్ని అడ్డంగా కోసి, కోసిన మొహాన్ని అద్దంలా నునుపు పెట్టి, మైక్రోస్కోపు కింద చూడాలి. నునుపు పెట్టడంలో ల్యాబులో నన్ను మించినవాళ్ళు లేరు. కళాయి వాళ్ళ పిల్లని మరి. గిన్నె మెరిస్తేనే పని అయినట్టని చూస్తూ పెరిగాను. "నీ శాంపిల్‌లో తల దువ్వుకోవచ్చు" అని గైడు అంటే పొంగిపోయేదాన్ని. అయితే అలా రుద్దేటప్పుడు కింద ఉన్న మెత్తటి జిర్కోనియం పూసుకుపోయి పగుళ్ళను కప్పేస్తుంది. కాబట్టి చివర్లో ఒకసారి ఆసిడ్‌తో కడగాలి. చివరి వరస శాంపిళ్ళను నేను కడగలేదు. కడిగితే మెరుపు మాసిపోతుంది, ఫొటో అందం పోతుంది. మెరిసే ఫొటోలో ఒక్క పగులు లేదు. అంత సాగినా పూత చెక్కు చెదరలేదని పేపర్లో రాసేశాను. పత్రిక వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. ఆదివారంలోగా చివరి ప్రూఫు చూసి సరే అనడం ఒక్కటే మిగిలింది. నా డిగ్రీ ఆ పేపరు మీదే ఆధారపడి ఉంది.

శుక్రవారం పొద్దున్నే ఒక వంటమేస్త్రి పెద్ద గుండిగ ఆటోలో వేసుకొచ్చాడు. మర్నాడు పెళ్ళి, పులుసు అందులోనే కాయాలి. ఊరికే కూర్చోలేక బొగ్గుల పొయ్యి దగ్గర గాలి మర నేను తిప్పాను. మావయ్య గుండిగను పొయ్యి మీద దొర్లిస్తూ, మురికి వదిలేలా నవాసాగరం పొడి చల్లి, తగరం ముక్కతో గీసి, దూది ఉండతో గిర్రున తుడిచాడు. తెల్లటి పొగ కళ్ళలోకి వచ్చింది. పొగ పోయేసరికి గిన్నె లోపల వెండిలా ఉంది.

వంటమేస్త్రి గుండిగ మీద చెయ్యి వేశాడు. "అయిపోనాది కదా బావా, పట్టుకెళ్ళిపోతాను."

"ఆగు. సింతపండు నీల్లు కాయాల."

"ఇంకా ఏటి సూస్తావు బావా? అద్దంలాగున్నాది!"

"తుడిస్తే ఏదైనా అద్దంలాగే ఉంటాది" అన్నాడు మావయ్య.

అత్త చింతపండు పిసికి ఇచ్చింది. మావయ్య ఆ నీళ్ళు గుండిగలో పోసి తెర్లబెట్టాడు. వంటమేస్త్రి గొణుక్కుంటూ టీ తాగడానికి వెళ్ళాడు. మావయ్య చాదస్తానికి నాకెందుకో ఒళ్ళు మండింది. నీళ్ళు పారబోశాక చూస్తే, అడుగున ఒక వారగా బొటనవేలు గోరంత మేర తగరం లేచిపోయి పచ్చటి ఇత్తడి బయటపడింది. అక్కడ మడ్డి సరిగా వదలలేదు. దూదితో తుడిచినప్పుడు తగరం దాని మీద పరుచుకుని మెరిసిందంతే. పైన పటారం, లోన లొటారం.

మావయ్య ఆ చోట మళ్ళీ ఇసక పెట్టి తోమడం మొదలుపెట్టాడు.

"గోరంత దానికి ఇంత రాద్ధాంతమా మావా? ఎవరు చూస్తారు?" అన్నాను. గొంతు నాకే కటువుగా వినబడింది.

మావయ్య తల ఎత్తలేదు. "ఎవులూ సూడరే. తింతారు."

ఆయన నన్ను ఏమీ అనలేదు. ఆయనకు నా ఆసిడ్ సంగతే తెలియదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా మొహం కందిపోయింది. గాలి మర వదిలేసి లేచి, బ్యాగు సర్దుకున్నాను. ఉన్నట్టుండి ఏమొచ్చిందే అని అత్త వెంటపడింది. ల్యాబులో పని మరిచిపోయాను అత్తా అని, మధ్యాహ్నం రైలుకి స్టేషన్‌కి వెళ్ళిపోయాను.

మర్నాడు శనివారం. ల్యాబు బోసిగా ఉంది. చేతి తొడుగులు వేసుకుని, నా అందమైన శాంపిల్ మీద ఆసిడ్ దూది అద్ది, కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టాను. మెరుపు మాసిపోయింది. పూత పొడవునా పగుళ్ళు దువ్వెన పళ్ళలా వరసగా ఉన్నాయి. చాలావాటి మొన కింది గొట్టాన్ని తాకింది. రెండో శాంపిల్ కడిగాను. మూడోది కూడా కడిగాను. ఒక్కటైనా బాగుండాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఏదీ బాగాలేదు.

గైడుకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "పేపరు వెనక్కి తీసుకుందాం. మొదటి వరస నుంచి అన్నీ మళ్ళీ చెయ్యాలి. ఏడాది పడుతుందమ్మా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చి, మావయ్యకి ఫోన్ చేశాను. మెరుపు కోసం కడగకుండా వదిలేశానని, పగుళ్ళున్న పూతని మంచిదని రాసేశానని మొత్తం చెప్పేశాను.

"గిన్నె ఎనక్కి తెచ్చేసుకున్నావా?" అన్నాడు.

"తెచ్చేసుకున్నాను మావా. ఏడాది పోయింది."

మావయ్య పాత సంగతి ఒకటి ఎత్తాడు.

"నీకు ఏడేల్లప్పుడు పెల్లిలో తిన్నాక వాంతులైపోయి, ఆస్పత్రిలో సెలైను పెట్టినారు. గుర్తున్నాదా?"

గుర్తుంది. ఆ రోజు నేను బతుకుతాననుకోలేదట. పాడు దిష్టి తగిలిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

"దిష్టి కాదే. ఆ పులుసు గుండిగకి కళాయేసింది నానే. బేగి కావాలంటే తుడిసి ఇచ్చేసినాను. మెరిసింది కదాని." "మరి అప్పట్నుంచే సింతపండు నీల్లు. మీ అమ్మకి ఇయ్యాల్టికీ సెప్పలేదు. నువ్వు ఒక్క రోజులో సెప్పేసినావు."

నాకు కోపం రావాలి. రాలేదు. ఇన్నేళ్ళు ఆయన దాన్ని మోసుకుని తిరిగాడని జాలేసింది. వారానికే నాకు కాలు నిలవలేదు.

"అమ్మకి నేను చెప్పనా మావా?" అన్నాను.

వద్దులే అంటాడనుకున్నాను. "నువ్వు కాదే, నానే సెప్తాను. నువ్వు పక్కనుండు, సాలు" అన్నాడు.