నా షుగర్, బాపు చూపు

నాకు పదకొండో ఏట షుగర్ వచ్చింది. పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు, ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే టైప్ వన్. హైదరాబాద్ పాతబస్తీ, హుస్సేనీ ఆలంలో మా ఇంటి వెనకే బర్రెల కొట్టం. రెండు పూటలా పాలు పిండి, చుట్టుపక్కల ఇళ్లకూ చాయ్ హోటళ్లకూ పోయడం మా బతుకుదెరువు. పాలమ్ముకునే ఇంట్లో పిల్ల గ్లాసెడు పాలు కూడా కొలిచి తాగాల్సి రావడం అమ్మకు చాలా రోజులు మింగుడు పడలేదు. బాపు మాత్రం నన్ను ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన మర్నాడే ఇన్సులిన్ సూది వేయడం మొదలుపెట్టాడు. బర్రెలకు సూదులు వేసి అలవాటైన చెయ్యి ఆయనది.

సూది కంటే బాపు బాగా నేర్చుకున్నది నన్ను చూడడం. షుగర్ పడిపోయే ముందు నా పై పెదవి మీద సన్నగా చెమట పడుతుందని కనిపెట్టింది ఆయనే. మాట సాగుతుందనీ, ఊరికే విసుక్కుంటాననీ అమ్మకు చెప్పిందీ ఆయనే. అనుమానం వస్తే పని ఆపి ఒకటే అడిగేవాడు.

"బిడ్డా, కొట్టంల ఎన్ని బర్లున్నయ్?"

సరిగ్గా చెబితే వదిలేసేవాడు. ఒకసారి నేను ఎంతో ధీమాగా "మంగళవారం" అన్నానట. నాకు గుర్తులేదు. నోట్లో గ్లూకోజ్ పొడి పోసి, నేను మనుషుల్లో పడ్డాక ఆయన పడి పడి నవ్వడం మాత్రం గుర్తుంది.

అలా పెరిగి పెద్దదాన్నయ్యాను. డిగ్రీ అయ్యాక పాల వ్యాపారం నేనే అందుకున్నాను. స్కూటర్‌కు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని హోటళ్లకు పాలు వేసి రావడం, పెరుగు తోడేయడం, దాణా తెప్పించడం అన్నీ నావే. ముప్పై మూడేళ్లు వచ్చినా బాపు మాత్రం నా పై పెదవిని చూడడం మానలేదు.

మానలేదు గానీ, చూపు తగ్గింది. రెండు కళ్లలోనూ శుక్లాలు. బకెట్ నిండిందని తెలియక పాలు పొర్లించడం, గల్లీలో నమస్తే పెట్టిన వాళ్లను గొంతు విన్నాక గుర్తుపట్టడం మేమంతా చూస్తూనే ఉన్నాం. డాక్టర్ ఆపరేషన్ చేయించుకొమ్మని చెప్పి రెండేళ్లయింది. ఒకసారి వానలన్నాడు, ఒకసారి బర్రె ఈనాలన్నాడు, ఇంకోసారి కంట్లో నలుసు పడిందంతే అన్నాడు. ఒకరోజు క్యాన్లు తోముతూ అమ్మ అసలు సంగతి చెప్పింది.

"వానలు లేవు, ఏం లేవు. కంటికి పట్టీ కట్టిన నాడు నిన్నెవలు చూస్తరని ఫికర్ ఆయనకు. నీకు చెప్పొద్దన్నడు."

నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. నా కోసం ఒక మనిషి చూపు పోగొట్టుకోవడం నాకు అక్కర్లేదు. దీనికి దారి నేనే చూడాలి అనుకున్నాను.

అప్పటికే రెండేళ్లుగా నా నడుముకు ఇన్సులిన్ పంపు ఉంది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్ద డబ్బా, దాని నుంచి పొట్ట మీద అంటించిన చిన్న గొట్టంలోకి సన్నటి ట్యూబు. రోజంతా చుక్క చుక్కగా ఇన్సులిన్ పంపిస్తుంది. విడిగా, జబ్బకు ఒక సెన్సర్ కూడా అంటించుకునేదాన్ని. చర్మం కింద వెంట్రుకంత తీగ ఉండి షుగర్ ఎంతుందో ఫోన్‌కు చెబుతుంది. చిక్కేమిటంటే ఈ రెండింటికీ మాటల్లేవు. సెన్సర్ చెప్పింది నేను చదివి, పంపుకు నేను నొక్కి చెప్పాలి. షుగర్ పడిపోయి నా బుర్రే పనిచేయనప్పుడు మధ్యవర్తిత్వం ఏం చేస్తాను?

ఆ నెల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు సూటిగా అడిగాను. ఆమె అంతే సూటిగా చెప్పింది. ఇప్పుడు రెండూ జత కలిసే రకం ఉంది, సెన్సర్ అంకెను పంపే చదువుకుంటుంది, షుగర్ పడిపోతోందనిపిస్తే ముందే ఇన్సులిన్ ఆపేస్తుంది, పెరుగుతుంటే కొంచెం కొంచెం ఎక్కువ ఇస్తుంది, తిండికి మాత్రం ఎంత తింటున్నావో నువ్వే చెప్పాలి. నేర్పడానికి ఒక నర్సును కుదిర్చింది. ఆ కొత్త రకం తెప్పించుకుని, క్లినిక్‌లో రెండు పూటలు నేర్చుకుని, ఒక ఆదివారం పొద్దుటి పాలు పోసి వచ్చాక ఇంట్లోనే జత కలపడానికి కూర్చున్నాను.

వాకిట్లో బల్ల మీద నేను, ఎదురుగా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని బాపు. ఎడమ జబ్బకు సెన్సర్ అంటించాను. దాని మీదున్న కోడ్ పంపులో నొక్కాను. తెర మీద వెతుకుతున్న గుర్తు గిర్రున తిరగసాగింది. తిరుగుతూనే ఉంది.

"దొరకలేదా?" అన్నాడు బాపు.

"ఎతుకుతున్నది బాపు."

"ఎతుకుడేంది? నీ జబ్బ మీదనే ఉన్నది గదా. గింత దూరం తెల్వకపోతె నీ లోపలి షుగర్ ఏం తెలుస్తది దానికి?"

నేను నర్సుకు ఫోన్ చేశాను. ఆమె ఒకటే అడిగింది. "పంపు ఏ సైడు పెట్టుకున్నరు మేడం?" కుడి వైపు. సెన్సర్ ఎడమ జబ్బకు. మధ్యలో నేను అడ్డం. ఒంటిని దాటి సిగ్నల్ సరిగ్గా అందదట. పంపును ఎడమ వైపుకు మార్చాను. నిమిషంలో కలిసింది. సెన్సర్ సిద్ధం కావడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ తర్వాత పంపు తెర మీద నూట ముప్పై నాలుగు అని పడింది. నేను నొక్కింది కాదు, అదే తెలుసుకున్నది. నాకు ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. బాపు లేచి బర్రెలకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

తర్వాతి రెండు వారాలు మా ఇంట్లో పోటీ నడిచింది. మొదట గెలిచింది బాపే. ఒక మధ్యాహ్నం నేను పెరుగు కుండలు సర్దుతుంటే దగ్గరికి వచ్చి నా మొహంలోకి మొహం పెట్టి చూశాడు.

"షుగర్ పడ్తున్నది నీకు."

పంపు చూశాను. ఎనభై ఎనిమిది. "మంచిగనే ఉన్న బాపు."

"ఏలు గుచ్చి సూడు."

వేలు గుచ్చి రక్తం పరీక్ష చేస్తే అరవై ఆరు. గ్లూకోజ్ తిన్నాను. కాసేపటికి పంపు కూడా గుర్రుమంది. బాపు గల్లీలో అందరికీ చెప్పాడు, మిషిన్ కంటే తానే ముందు అని. నర్సును అడిగితే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. సెన్సర్ చూసేది నేరుగా రక్తాన్ని కాదు, చర్మం కింద ఉండే నీటిని. రక్తంలో జరిగింది అక్కడికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తేడా అనిపిస్తే వేలు గుచ్చి చూసుకోవాల్సిందే అంది. "మీ నాన్నగారు అన్నది కరెక్టే మేడం" అంది. ఆ మాట బాపుకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. మూడు రోజులు మీసం మీద చెయ్యి తీయలేదు.

రెండోది బేగంబజార్‌లో జరిగింది. కొత్త పాల క్యాన్ల కోసం వెళ్లాను. పొద్దున తిన్నది తక్కువ, తిరిగింది ఎక్కువ. స్టీలు సామాన్ల దుకాణంలో మూతలు బిగిసేవా కాదా అని ఒక్కొక్కటి తిప్పి చూస్తుంటే నడుము దగ్గర పంపు మోగింది.

"బేటీ, ఫోన్ బజ్ రా. ఉఠావ్ నా," అన్నాడు దుకాణదారు.

"ఫోన్ నై భాయ్, షుగర్ కీ మిషిన్," అని పంపు తీసి చూశాను. ఎనభై ఒకటి, పక్కన కిందికి దిగుతున్న బాణం. ఇన్సులిన్‌ను అది అప్పటికే ఆపేసి ఉంది. నాకింకా చెమట పట్టలేదు, కాళ్లు తేలిపోలేదు. ఆయన వేసిన స్టూలు మీద కూర్చుని తెర వంకే చూశాను. డెబ్బై ఎనిమిది దాకా దిగి, అక్కడే నిలబడి, మెల్లగా పైకి రావడం మొదలుపెట్టింది. పంపు మళ్లీ పని అందుకుంది. నేను క్యాన్లు బేరం చేసి స్కూటర్‌కు కట్టుకుని ఇంటికొచ్చాను. ఇరవై ఏళ్లకు పైగా ఈ జబ్బుతో ఉన్నాను గానీ, పడిపోబోయే షుగర్ పడకుండా ఆగడం కూర్చుని చూసింది ఆ రోజే.

ఇంటికి రాగానే బాపు చేతికి ఫోన్ ఇచ్చాను. అందులో గీత ఎక్కడ దిగిందో, ఇన్సులిన్ ఎక్కడ ఆగిందో అన్నీ బొమ్మలా కనిపిస్తాయి. బాపు ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, వెలుతురులోకి తిప్పాడు.

"గింత సన్నగ గీస్తే ఎవలికి కనవడ్తది?"

"సన్నగ లేదు బాపు."

ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. తర్వాత నేల వంక చూస్తూ, "నాకు కనవడ్తలేదు బిడ్డా," అన్నాడు. ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

"ఎప్పటిసంది?"

"పోయిన బోనాలప్పటిసంది అసలే లేదు. నీ మొకం దగ్గరికొస్తెనే కనవడ్తది."

గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్న అమ్మ తలెత్తకుండానే అంది. "మిషిన్ తప్పు పట్టాలన్నా కండ్లుండాలె గదా."

ఆ మాట పనిచేసింది. నేనూ అమ్మా రెండేళ్లు బతిమిలాడితే కదలని మనిషి, మిషిన్ మీద కన్నేసి ఉంచడానికి మరుసటి వారం కంటి ఆసుపత్రికి బయలుదేరాడు.

ఆపరేషన్ రోజు పాలు తొందరగా పోసి, బాపును వెనక కూర్చోబెట్టుకుని పోయాను. ఆయన్ను లోపలికి తీసుకుపోయాక బయట బెంచీ మీద కూర్చున్నాను. గంట గడిచేసరికి పంపు మోగడం మొదలైంది. ఈసారి ఎక్కువని. రెండు వందల అరవై, బాణం పైకి. పంపు తనకు చేతనైనంత ఇన్సులిన్ ఇస్తూనే ఉంది, అంకె మాత్రం దిగడం లేదు. కంగారేమో అనుకున్నాను. కాదు. చెంగు కింద తడిమి చూస్తే పొట్ట మీద అంటించిన చోట తడి తగిలింది. స్కూటర్ మీద బాపు గట్టిగా నడుము పట్టుకున్నాడు కదా, గొట్టం వంగిపోయింది. ఇన్సులిన్ ఒంట్లోకి కాదు, చీరలోకి పోతోంది.

పంపుకు షుగర్ తెలుస్తుంది, తన గొట్టం వంగిందని తెలియదు. ఆ పని మనిషిదే. బ్యాగులో ఎప్పుడూ గొట్టం, ట్యూబు ఉన్న ఇంకో సెట్టు పెట్టుకుంటాను, ఇన్సులిన్ పెన్ను కూడా. వాష్‌రూమ్‌లోకి వెళ్లి పాతది పీకి, పెన్నుతో కావలసిన మోతాదు వేసుకుని, పక్కన కొత్త సెట్టు గుచ్చుకున్నాను. బయటికి వచ్చి నీళ్లు తాగి కూర్చున్నాను. బాపును ఒక కంటికి పట్టీతో బయటికి తెచ్చేసరికి బాణం కిందికి తిరిగింది.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"రెండు వందలు దాటింది బాపు. గొట్టం వంగింది, మార్చిన. ఇప్పుడు దిగుతున్నది."

"ఎవలు చూసిండ్రు?"

"నేనే."

బాపు తలూపాడు. నా భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగాడు.

మర్నాడు పట్టీ తీశారు. బాపు ముందు నన్ను పరీక్షగా చూసి, "గింత నల్లగైనవేంది?" అన్నాడు. ఎండలో తిరిగితే అంతేనన్నాను. అప్పుడు చెయ్యి చాపి ఫోన్ అడిగాడు. చదివాడు. "నూట పద్దెనిమిది. బాణం అడ్డంగున్నది. అంటే మంచిదేనా?" మంచిదే అన్నాను. రెండో కన్ను కూడా కొన్నాళ్లకు అయిపోయింది. ఆయన ఫోన్‌లోనూ నా అంకె కనిపించేలా పెట్టాను. మొదట్లో పది నిమిషాలకోసారి తీసి చూసేవాడు. తర్వాత చాయ్ హోటల్లో దోస్తులకు చూపించడానికి తీసేవాడు. ఇప్పుడు మోగితే తప్ప తీయడు.

పోయిన చలికాలంలో ఒక దోస్తుతో కలిసి బర్రె కొనడానికి వేరే జిల్లాకు పోయాడు. రెండు రోజుల పని. నాకు షుగర్ వచ్చినప్పటి నుంచీ బాపు ఇంటి బయట ఒక్క రాత్రి ఉండలేదు. పొద్దున తువ్వాల భుజాన వేసుకుని బయలుదేరాడు, జాగ్రత్తలేమీ చెప్పలేదు. సాయంత్రం ఐదు దాటాక ఫోన్ చేశాడు.

"బిడ్డా, బర్రె మంచిగున్నది. కొమ్ములు రింగులు తిరిగినయ్. అమ్మెటోడు మస్తు పాలిస్తదంటుండు గనీ నేనైతే నమ్మలే. రేపు పొద్దుగాల నేనే పిండి చూస్త."

"దూడ ఎట్లున్నది బాపు?"

"దూడ హుషారుగున్నది. ఫొటో పంపుత ఆగు."

ఆ తర్వాత దాణా ధర గురించి, అక్కడి చలి గురించి చెప్పి పెట్టేశాడు. నా షుగర్ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఫొటో వచ్చింది. దూడ నిజంగానే హుషారుగా ఉంది, ఫొటోలో సగమే పడింది. అమ్మకు చూపించి, సాయంత్రం పాలు వడపోయడానికి లేచాను.