ఊరికే తవ్విచ్చే కుంట

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మంచి చేస్తామని ఎదురెళ్ళి చెబితే ఎవరైనా రెండు చేతులూ చాచి తీసుకుంటారని. ఆ రోజులంటే మరీ పాతకాలం కాదు. చేతిలో స్మార్ట్‌ఫోను, కింద స్కూటీ, మెడలో కంపెనీ వాళ్ళ ఐడీ కార్డు ఉన్న రోజులే. అనంతపురంలో ఎంబీయే ముగించి, ఊరి బయట పల్లీ చిక్కీలు తయారుచేసే ఒక కంపెనీలో కొత్తగా చేరాను. నా ఉద్యోగం పేరు సామాజిక బాధ్యత అధికారి. (ఉరవకొండలో గుడ్డల అంగడి నడిపే మా నాయన ఆ పేరు రెండోసారి కూడా చెప్పించుకుని, "అంటే ఏం అమ్మల్ల నువ్వు?" అని అడిగాడు. ఏమీ అమ్మక్కర్లేదు, ఊరికే ఇవ్వడమే అన్నాను. అరువు అడగడానికి వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు నన్ను చూసి, "అట్లయితే జాగ్రత్త పాపా" అన్నాడు.)

మా మేనేజరును ఆఫీసులో స్లైడ్ల సారు అనేవాళ్ళం. మంచినీళ్ళు తాగాలన్నా ముందు గోడ మీద ఒక స్లైడు వేసుకునే రకం. ఆ ఎండాకాలంలో ఆయన నన్ను పిలిచి తెరమీద ఒక నీలిరంగు చతురస్రం చూపించాడు. వజ్రకరూరు దగ్గర ఒక పల్లెలో, రైతుల పొలాల్లో, కంపెనీ ఖర్చుతో పంట కుంటలు తవ్వించాలి. వాన నీళ్ళు వాటిలో చేరితే, నడిమధ్యలో వాన మొహం చాటేసినప్పుడు ఒక తడి ఇచ్చి వేరుశనగ పంటను దక్కించుకోవచ్చు. "కంపెనీ లాభం గురించి ఒక్క మాట కూడా ఎత్తొద్దు. ఇది సేవ" అని మరీ మరీ చెప్పాడు. తొలకరి లోపల ఒక్క కుంట అయినా పూర్తి కాకపోతే పథకాన్ని ఎత్తేస్తారట. పథకంతో పాటు నన్నూ ఎత్తేస్తారని ఆయన నోటితో అనలేదు గానీ, చివరి స్లైడు చూస్తే నాకు అర్థమైంది.

పల్లెలో పాలకేంద్రం ముందు రైతులను కూర్చోబెట్టి, అద్దం ముందు సాధన చేసుకున్న ఉపన్యాసం అంతా ఇచ్చాను. ఎవరూ వద్దనలేదు, కావాలనీ అనలేదు. చివరికి ఊళ్ళో అందరూ మీసాల మామ అని పిలిచే పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"దుడ్లు మేమేమన్నా కట్టల్లనా?"

"అక్కర్లేదు మామా."

"ఎలక్షన్లు వస్తాండాయా?"

"లేదు."

"మరి ఎందుకిస్తాండారు?"

"మా సామాజిక బాధ్యత."

ఆయన పక్కవాడి వైపు తిరిగి, "చెప్పేదానికి ఇష్టం లేదంట" అన్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఎంత లోతు తవ్వుతారమ్మా?"

"మనిషి మునిగే లోతు."

అంతే, అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ చూపుకు అర్థం నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది. ఆ వైపు తొలివాన పడితే చాలు, విత్తనాల సంగతి తర్వాత, జనం ఎర్రనేలల్లో తల వంచుకుని వజ్రాల కోసం నడుస్తారు. యాడి నుంచో ఒక కంపెనీ వచ్చి, దుడ్లు అడగకుండా, మనిషి మునిగే లోతు గుంతలు తవ్విస్తానంటే దాన్ని సేవ అనుకునేటంత అమాయకురాలిని ఆ చుట్టుపక్కల నేనొక్కదాన్నే.

ఒప్పుకున్నది గొర్రెల అవ్వ ఒక్కతే. ఒంటి మనిషి, కాస్త మెట్ట చేను, ఒక మంద. "తవ్వుకోండి. నేను గట్టున కూసోనుంటా" అంది. అవ్వ ఒక్కతే కూర్చుంటుందనుకున్నాను. తవ్వే మిషను దిగిన పొద్దున ఊరు ఊరంతా సద్ది మూటలతో వచ్చి గుంత చుట్టూ కూర్చుంది. మిషను ఎత్తిపోసిన ప్రతి తట్టెడు మన్నునూ ఆడవాళ్ళు వేళ్ళతో చిదిమి చూశారు. డ్రైవరు ఒకసారి వంగి తళుక్కుమన్నదేదో జేబులో వేసుకున్నాడు. నలుగురు మగవాళ్ళు అతన్ని కిందికి దించి జేబు వెతికితే సున్నం డబ్బీ దొరికింది. దాన్ని కూడా తెరిచి, సున్నం లోపల వేలు పెట్టి చూశాకే తిరిగి ఇచ్చారు. ఇక నీళ్ళు ఇంకిపోకుండా అడుగున ప్లాస్టిక్ పట్టా పరుస్తామని నేను చెప్పినప్పుడు మీసాల మామ తల పంకించి, "కప్పెట్టేదానికే" అన్నాడు.

సరిగ్గా అప్పుడే స్లైడ్ల సారు ఫోను చేశాడు. నా ఫోను స్పీకరు మీద ఉందన్న సంగతి నాకే తెలియదు. "వచ్చేటప్పుడు లోపలి మట్టి కొంచెం సంచిలో వేసుకుని తీసుకురామ్మా. పరీక్షకు పంపాలి."

అవ్వ లేచి వచ్చి మిషను ముందు నిలబడింది. "నా మన్ను యాడికీ పోదు. మిషను ఆపప్పా."

సగం తవ్విన గుంతను వదిలేసి అనంతపురం దారి పట్టాను. సిగ్గుపడాల్సిన మాట ఏమిటంటే, దారి పొడుగునా నాకూ అనుమానమే. మట్టి ఎందుకు? పరీక్ష ఎందుకు? లాభం మాట ఎత్తొద్దని అన్నిసార్లు ఎందుకు చెప్పాడు? ఆఫీసుకు చేరేసరికి మా కంపెనీలో చిక్కీలు ఒట్టి వేషమేనని దాదాపు తేల్చేసుకున్నాను. నేరుగా ఆయన గదిలోకి వెళ్ళి, "సార్, మనకు వజ్రాల పనేమైనా ఉందా?" అని అడిగాను.

ఆయన నన్ను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ లోపలికి తీసుకెళ్ళాడు. మిషన్లు సగం ఆగి ఉన్నాయి. "కాయలు లేవు" అన్నాడు. ఆ రోజు ఆయన వెనక ఏ తెరా లేదు. ఇక్కడి పంట వరసగా ఎండిపోతోందట. గుజరాత్ నుంచి లారీల్లో తెప్పిస్తే బాడుగే లాభాన్ని తినేస్తోందట. ఇక్కడి రైతుకు ఒక్క తడి దొరికితే గింజ గట్టిపడుతుందట, మిషన్లు తిరుగుతాయట. మట్టి పరీక్ష నీళ్ళు ఎంత ఇంకుతాయో, పట్టా ఎంత మందం కావాలో చూడ్డానికట. "మరి ఈ మాట ఊళ్ళో చెబితే ఏం సార్?" అన్నాను. "చెబితే సేవలా ఉండదు కదమ్మా" అన్నాడు, చాలా దిగులుగా.

మర్నాడు ఆయన వద్దంటున్నా వినకుండా, ఆయన్నే బండి వెనక కూర్చోబెట్టుకుని పల్లెకు వెళ్ళాను. ఉపన్యాసం లేదు. "అవ్వా, మాకు కాయలు కావాల. కాయలు లేక మిషన్లు నిలిచిపోతాండాయి. మీకు నీళ్ళుంటే మాకు కాయలొస్తాయి. అంతకుమించి ఏమీ లేదు" అన్నాను.

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఈ మాట ముందే చెప్పకూడదా తల్లీ? దేవుని మాదిరి మాట్లాడితే ఎట్ల నమ్మేది?"

మీసాల మామ మాత్రం సారు వైపు తిరిగాడు. "కాయలు మీకే ఇయ్యల్లని రాపిచ్చుకుంటారా?"

సారు నీళ్ళు నమిలి, "మార్కెట్ ధర కంటే తక్కువ అడగం. నచ్చకపోతే బయట అమ్ముకోండి" అన్నాడు. "కానీ అప్పుడిది సేవ కాదు, వ్యాపారం అయిపోతుంది."

"కానీలే సారూ. లాభం లేకుండా చేసేవాడు రెండో ఏటికి కనపడడు. లాభం ఉండేవాడు మళ్ళా వస్తాడు" అన్నాడు మామ. అని, మన్ను మాత్రం చేను దాటకూడదని ఇంకోసారి గట్టిగా చెప్పాడు.

కుంట పూర్తయింది. వానలు పడి నిండింది. వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే సమయంలో ఆకాశం ఎప్పటిలాగే మోసం చేస్తే, అవ్వ చేను ఒక్కటే పచ్చగా నిలబడింది. కాయలు మాకే అమ్మింది, కాటా దగ్గర సారుతో ఒక పూటంతా పోట్లాడి, అనుకున్నదానికంటే ఎక్కువకే. మరుసటి వేసవికి కుంటలు కావాలని ఊళ్ళో వాళ్ళే ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. ఆ కంపెనీ ఇప్పటికీ బాగానే నడుస్తోంది. (నిరుడు ఒక పెళ్ళిలో కనిపించిన మీసాల మామ నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడన్నా చెప్పమ్మా, ఆ గుంతలో ఏమీ దొరకలేదా?" అని అడిగాడు.)

కుంట మొదటిసారి నిండిన మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. బురదలో కూరుకుపోయిన చెప్పులు చేతపట్టుకుని, ఎర్రటి నీళ్ళు పట్టా మీదికి ఎక్కుతుంటే చూస్తూ, తడిసి ముద్దయి నిలబడ్డాను. ఆ నీళ్ళన్నీ నేనే తెచ్చానని నాకు గట్టి నమ్మకం. గొర్రెలను తోలుకుంటూ వచ్చిన అవ్వ నా మొహం చూసి, ఆకాశం వైపు చూసింది. తన నెత్తిమీది గోనెపట్ట తీసి నా తలమీద వేసి వెళ్ళిపోయింది. అప్పటి నన్ను, ఆ అమ్మాయిని, ఆ పూట ఎవరూ సరిదిద్దనందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.