పొయ్యెక్కని ఉండలు

నా చిన్నప్పుడు మేము ఆమదాలవలసలో, రైల్వే స్టేషనుకు కాస్త ఎడంగా ఒక పెంకుటింట్లో ఉండేవాళ్లం. మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య నడుమెత్తు గోడ ఉండేది. గోడకు అవతల గుడిలో అర్చకత్వం చేసే కుటుంబం, ఇవతల ఆదివారం తప్పకుండా చర్చికి, మా మాటలో సంఘానికి, వెళ్లే మేము. మా తాతయ్య మిషను బడిలో పాఠాలు చెప్పేవారు. ఆయన పోయాక కూడా వీధిలో అందరూ మా మామ్మను మేష్టారమ్మ అనే పిలిచేవారు. సంఘంలో స్త్రీల కూటం ఆవిడే నడిపేది.

పక్కింటి కోడలిని నేను అక్కా అనేదాన్ని. పొందూరు నుంచి కాపురానికి వచ్చింది. మొదటి కడుపు నిలవలేదు. రెండోసారి నెల తప్పినప్పటి నుంచి ఆమెకు వేవిళ్లు విడవలేదు. అన్నం ఉడికే వాసన వచ్చినా, తాలింపు చిటపటలాడినా పెరట్లోకి పరుగెత్తేది. బుగ్గలు లోపలికి పోయాయి. ఇలాగే ఉంటే ఈ బిడ్డ కూడా దక్కడం కష్టమని ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పిందట. ఆ మాట విన్న రోజు అక్క అత్తగారు వాళ్ల నూతిగట్టు మీద కూర్చుని ఏడవడం నేను చూశాను. ఆవిడను నేను పెద్దమ్మగారూ అని పిలిచేదాన్ని.

మా అమ్మ ఉండబట్టలేక మిరియాల చారు కాచి గోడమీంచి అందించింది. మర్నాడు పొద్దున గిన్నె గోడ మీద ఉంది. పెట్టిన మూత పెట్టినట్టే ఉంది. చారు ఎవరూ ముట్టలేదు. అమ్మ దాన్ని అరటిమొక్క మొదట్లో పారబోసింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మనుషులందర్నీ ఒక్క దేవుడే చేశాడని ఆదివారపు బడిలో నేర్చుకున్న పిల్లను మరి.

"మనం వండింది తింటే ఆలకేటవుతాది మామ్మా?" అని అడిగాను.

"నీకు కోపవొస్తే ఆ పిల్ల కడుపు నిండుతాదేటి? ఉండు, ఆలోసించనీ," అంది మామ్మ.

ఆ సాయంత్రం మామ్మ గోడ దగ్గరికి వెళ్లి, చారు సంగతి ఎత్తకుండా, "అమ్మగారూ, మా ఇంటి నుంచి మీకేటి సెల్లుతాది?" అని అడిగింది. పెద్దమ్మగారు తల దించుకుని గోడ మీది పెచ్చును గోటితో గీకింది. చివరకు, "పొయ్యెక్కనివి అయితే దోసం లేదు మేష్టారమ్మా. నీళ్లు కూడా తగలకూడదు," అంది. చెప్పడానికి ఆవిడకు సిగ్గుగానే ఉందని నాకు ఆ వయసులో కూడా తెలిసింది.

నిప్పు తగలకూడదు, నీళ్లు తగలకూడదు. వాసన రాకూడదు, బలం రావాలి. మామ్మ బజారుకు వెళ్లి ఖర్జూరం, ఎండుద్రాక్ష, ఎండుకొబ్బరి తెచ్చింది. పలాస వైపు ఉండే తమ్ముడు పంపిన జీడిపప్పు ఇంట్లోనే ఉంది. రోలు ముందురోజే కడిగి ఎండలో ఆరబెట్టింది. ఖర్జూరం గింజలు తీసి, ముందు దాన్నొక్కదాన్నే ముద్దయ్యేదాకా దంచింది. జీడిపప్పును మాత్రం పంటికి తగిలేలా కచ్చాపచ్చాగా వదిలేసింది. తురిమిన కొబ్బరి, ద్రాక్ష ఆఖర్న కలిపింది. బెల్లం లేదు, నెయ్యి లేదు. ఖర్జూరం జిగురే అన్నిటినీ పట్టి ఉంచింది. వేవిళ్లలో ఉన్నవాళ్లు పెద్ద ఉండను చూస్తేనే భయపడతారని ఒక్క నోటికి సరిపడేంతే చేసింది. రోకలికి అంటుకున్నది నాకు పెట్టింది.

మా ఇంట్లో ఏ మంచిపని మొదలెట్టినా పైకి ప్రార్థన చేయడం అలవాటు. అక్కడ గోడ దగ్గర నిలబడి గట్టిగా చేస్తుందనుకున్నాను. మామ్మ మా వంటింట్లోనే కళ్లు మూసుకుని పెదాలు కదిలించి, ఉండల్ని మా గిన్నెలో కాకుండా కోసిన అరిటాకులో పెట్టుకుని గోడ దగ్గరికి బయల్దేరింది. నేనూ వెనకే వెళ్లాను.

పెద్దమ్మగారు చెయ్యి చాచి, "ఇందులో ఏటేటేసేరు?" అని అడిగింది. మామ్మ ఒక్కొక్కటీ చెప్పింది. జీడిపప్పు అనగానే నాకు పలాసలో చూసింది గుర్తొచ్చి ఆగలేకపోయాను.

"మామ్మా, జీడిపిక్కల్ని కాలిస్తేనే కదా పప్పొస్తాది!"

చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అవతల గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ అక్క ఆకు వంకే చూస్తోంది. మామ్మ నన్ను గిల్లుతుందేమో అనుకున్నాను. గిల్లలేదు. "నిజవేనమ్మా. నాకు తట్టనే లేదు. మీరు ముట్టుకోకండి, పప్పు లేకుండా మళ్లీ సేసి తెత్తాను," అని వెనక్కి తిరిగింది. ముఖంలో విసుగు లేదు, చిన్నబుచ్చుకోవడమూ లేదు.

మేము మా నూతి దాకా వెళ్లామో లేదో, "ఆగండి మేష్టారమ్మా," అని గోడ అవతల నుంచి కేక వినిపించింది. "మరి సామి సెక్కరపొంగల్లో రోజూ ఏసేదేటి? ఆ పప్పు ఎవులు కాల్సేరో నేనెప్పుడైనా అడిగేనా? ఇలా తెండి." ఆకు అందుకుంటూ నా వైపు చూసి, "ఒసే, నువ్వు పెద్దయ్యేక వకీలువవుతావే," అంది.

అక్క ఒక ఉండ నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. మేమందరం ఆమె గొంతు వంకే చూస్తున్నాం. మింగింది. కాసేపు ఆగింది. పెరట్లోకి పరుగెత్తలేదు. ఇంకోదానికి చెయ్యి చాచింది. పెద్దమ్మగారు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత వేవిళ్లు తగ్గేవరకూ మా రోలు ఖాళీగా ఉన్నది తక్కువ. నెలలు నిండాక అక్క ఆడపిల్లను కన్నది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారు. ప్రభువుకు స్తోత్రం.

చారు గిన్నె అలా తిరిగి రావడం సరైన పనే అని నేను ఇప్పటికీ అనుకోను. మామ్మ కూడా అనుకోలేదు. కానీ ఆ వాదన నెగ్గేదాకా అక్కకు ఆకలితో ఆగే బలం లేదు. ప్రేమ తన మాటే చెల్లాలని పట్టుపట్టదని సంఘంలో ఎన్నో ప్రసంగాలు విన్నాను. నాకు అది అర్థమైంది మాత్రం ఆకు పట్టుకుని మామ్మ వెనక్కి తిరిగిన ఆ కాసేపట్లోనే. ఆవిడ గోడ దగ్గరే నిలబడి వాదించి ఉంటే, ఆగమని పిలవడానికి పెద్దమ్మగారికి నోరు వచ్చేది కాదు.

ఇప్పుడు మా స్త్రీల సమాజం వాళ్లం శ్రీకాకుళం పెద్దాస్పత్రికి రోగుల్ని చూడ్డానికి వెళుతూ ఉంటాం. ఖర్జూరం, పప్పులు కలిపి డబ్బాలు నింపి పట్టుకెళ్తాం. తీసుకునేవాళ్లు తీసుకుంటారు. షుగరుందని కొందరు, మీ చేతిది మాకొద్దని ఒకరిద్దరు వద్దంటారు. అప్పుడు మా సమాజంలోని కుర్ర చెల్లెళ్ల ముఖాలు మాడిపోతాయి. నేను డబ్బా మూత పెట్టి, ఆ వద్దన్నావిడ ఏది తినగలదో పక్కనున్నవాళ్లను అడిగి తెలుసుకుని వచ్చేస్తాను. మరుసటి వారం అది పట్టుకుని ఆ మంచం దగ్గరికే ముందు వెళ్తాను.