వియన్నా ట్రాములో అమ్మ దండాలు

వియన్నా చూడటానికి మాకున్నది ఒక్క రోజు. రాజభవనం చూడకుండా కదిలేది లేదని నేను భీష్మించుకుని ఉన్నాను. ట్రాము ఎక్కగానే అమ్మ, కలకత్తాలో మా ఖిదిర్‌పూర్ బస్సులోంచి గుళ్లకు పెట్టినట్టే, కనబడిన ప్రతి గుమ్మటానికీ దండం పెట్టడం మొదలుపెట్టింది.

“అమ్మా, అందరూ చూస్తున్నారు.”

“సూడనీరా. ఆళ్ల సొమ్మేటి పోనాది?”

ఒక పెద్ద గుమ్మటానికి కళ్లు మూసుకుని మరీ మొక్కుతుంటే, పక్క సీటు ముసలావిడ అమ్మ మోకాలు తట్టి, తల అడ్డంగా ఊపి, “మ్యూజియం” అంది. అమ్మ చేతులు దించేసింది. కాసేపటికి దుకాణాల మధ్య నక్కిన చిన్న చర్చి రాగానే ఆవిడే అమ్మను మోచేత్తో పొడిచి, తాను శిలువ గుర్తు వేసుకుంది. అమ్మ చేతులు జోడించింది. ఒక్క ముక్క భాష కలవకుండానే ఇద్దరి పనీ జోరందుకుంది.

రాజభవనం స్టాపు వచ్చింది. దిగుదామన్నాను.

“ఉండరా. పెద్దావిడ అంత సరదాగా సూపిత్తుంటే మజ్జిలో దిగిపోతే ఏటనుకుంటాది?”

చివరి స్టాపులో ఆవిడ అమ్మ చెంప నిమిరి వెళ్లిపోయింది. తిరుగు ట్రాములో అమ్మ మళ్లీ కిటికీ పక్కనే సర్దుకుంది; ఈసారి కిటికీలోంచి వీధికి రెండో వైపు కనబడుతోంది.

“ఇప్పుడైనా రాజభవనం దగ్గర దిగుతావా?” అన్నాను.

“రాజులు ఎప్పుడో పోనారు కదరా, ఆళ్లకేటి తొందర? ఈ పక్కనున్న దేవుళ్లకి ఇంకా దండం ఎట్టలేదు.”