కుండ పలికిన స్వరం

బేస్ గిటారు నాకు ఎవరూ నేర్పలేదు. నేర్పగలవారు ఆనాటి భిలాయిలో లేకపోలేదు. వారానికొక షిఫ్టు మారే నా ప్లాంటు ఉద్యోగానికి వారి వేళలు కుదరలేదు. నాకు గురువు ఒక మట్టికుండ. మా క్వార్టరులోని టేప్‌రికార్డరు మంద్రస్వరాలను మింగేసేది. సుపేలా బజారులో మంచినీళ్ళకని కొన్న కుండ మూతిమీద దాని స్పీకరును బోర్లిస్తే, అవి గుమ్మని పైకి వచ్చేవి.

"నీళ్ళకుండకి పాటలేటండీ? పిల్లలు వేడినీళ్ళు తాగుతున్నారు," అని ఆ వేసవంతా మా ఆవిడ సణిగింది.

పాటను ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ విని, ఒక్కొక్క స్వరాన్నీ పుస్తకంలో రాసుకున్నాను. తేదీ, షిఫ్టు, ఎన్నిసార్లు విన్నదీ సహా. ఆ పుస్తకాలు నేటికీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి.

టౌన్‌షిప్పు సెక్టార్ల పూజా పందిళ్ళలో మా ఆర్కెస్ట్రా ముప్ఫై ఏళ్ళు వాయించింది. గాయనికి శాలువా, కీబోర్డుకు చప్పట్లు. నన్ను మాత్రం "ఆ పక్కన గిటారు పట్టుకున్నాయన" అనేవారు. ఇది అన్యాయమని అప్పుడూ రాసుకున్నాను, ఇప్పుడూ రాస్తున్నాను.

ఈ ఏడాది కాలనీవారు మమ్మల్ని మళ్ళీ ఒక్కసారి వాయించమన్నారు. మేము ఎప్పుడూ చివర వాయించే పాటను, మా అమ్మాయి కొనిచ్చిన హెడ్‌ఫోనులో విన్నాను. పల్లవిని తిరిగి అందుకునే ముందు నా పుస్తకంలో ఒక బరువైన స్వరం ఉంది. పాటలో లేదు. అక్కడున్నది డ్రమ్ము దెబ్బ ఒక్కటే. పదిసార్లు విన్నాను. లేదు.

పెరట్లో మూలనున్న ఆ పాత కుండను తెచ్చి, స్పీకరు బోర్లించాను. దెబ్బ పడగానే కుండ గుమ్మంది. అదే స్వరం. పాటలో లేనిదాన్ని ఇన్నేళ్ళూ నేను వాయించాను! సిగ్గుపడి, పుస్తకంలో దాన్ని ఎర్రసిరాతో కొట్టివేశాను.

సాధన రోజున, చరోదా నుంచి వచ్చిన మా డ్రమ్మరుకు సంగతి చెప్పాను. రైల్వేలో రిటైరైన మనిషి, పడీపడీ నవ్వాడు.

"ఏటి గురూ, ఇన్నేళ్ళూ మనం కుండ వెనకాల నడిచామేటి?"

"నవ్వకు. దిద్దేశాను. ఈసారి సరిగ్గా వాయిస్తాను."

సరిగ్గానే వాయించాను. ఆ చోట నా వేళ్ళు కదలలేదు. పల్లవీ మొదలవలేదు. గాయని నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.

"అన్నయ్యా, ఆ గుమ్ ఏదీ? అది వినబడ్డాకే కదా నేను అందుకునేది!"

డ్రమ్మరు కర్రలు దించేశాడు. "నాకూ అదే గుర్తు. కుండదైతే ఏటి, తీసీకు బాబూ."

నాకు ఒళ్ళు మండింది. ముప్ఫై ఏళ్ళూ వీళ్ళు నన్ను వింటూనే ఉన్నారన్నమాట! ఒక్కరైనా ఒక్కమాట చెప్పలేదు.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. గీసిన గీతను చెరపడం నా పద్ధతి కాదు. దాని పక్కనే నీలిసిరాతో తేదీ వేసి, "ఈ స్వరము ఉంచవలెను, గాయని అందుకొనుటకు" అని రాసి, సంతకం చేశాను.